చేవెళ్ల దారిలో ఆడపిల్లల చదువు

హైదరాబాదు నుండి పడమటి దిక్కుగా మొయినాబాదు, చేవెళ్ల మీదుగా వికారాబాదు వెళ్ళే దారి మర్రిచెట్లకు పేరుపొందినది. నగరపు మేడలు వెనుకబడిన కొంతసేపటికి కూరగాయల మడులు, పూలతోటలు, జొన్నచేలు కనబడతాయి. ఈ నేలకు ఇంకొక పేరు కూడా ఉన్నది. పనిలో బాల్యము గడిచిపోయే పిల్లలను బడికి ఎట్లా తేవచ్చునో ఎందరికో నేర్పిన పల్లెలు ఈ రంగారెడ్డి జిల్లాలోనివే. వాటిలో కొన్ని 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలో చేరినవి. ఎదిగే ఆడపిల్లల కొరకు ఇక్కడ జరిగిన పనిని తెలిసికొనవలెనని మేము కొందరము ఒక దినమంతా ఈ పల్లెలలో తిరిగాము.

ఈ పనికి బీజము 1987లో పడినది. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్యులుగా ఉన్న శాంతా సిన్హా గారు, వెట్టి నుండి విడిపించిన పిల్లలను బడికి సిద్ధపరచుటకు మూడు నెలల శిబిరము నడిపించారు. ఆమె తాతగారు, చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట 1981లో స్థాపించబడిన ఫౌండేషన్ 1991 నుండి ఈ పనిని తనదిగా చేపట్టినది. ఊరి యువతీయువకులే కార్యకర్తలు. వారు ఇల్లిల్లూ తిరిగి, బడి ఈడు పిల్లలెవరు, ఏ పనిలో ఉన్నారు అని వ్రాసికొనేవారు. అప్పు కింద జీతానికి పెట్టిన పిల్లలను విడిపించుటకు తల్లిదండ్రులతోను, ఆసాములతోను మాట్లాడేవారు. చదువు తప్పిన పెద్ద పిల్లలు కొన్ని నెలలు శిబిరములో ఉండి అక్షరములు, లెక్కలు నేర్చుకొని, తమ ఈడుకు తగిన తరగతిలో చేరేవారు. పన్నెండేళ్ళ పిల్లను ఆరేళ్ళ పిల్లల ప్రక్కన ఒకటవ తరగతిలో కూర్చోబెడితే ఆమె సిగ్గుపడి మరునాడు రాదు గదా! 2003లో శాంతా సిన్హా గారికి రామన్ మెగసెసె పురస్కారము లభించినది.

అయితే ఈ పనిలో మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది ఒక చిన్న సూత్రము. బడిలో లేని ప్రతి బిడ్డా పనిలో ఉన్న బిడ్డే అని వారు నిర్ణయించుకొన్నారు. వినుటకు ఇది సామాన్యమైన మాటగా తోచవచ్చును. కాని ఆడపిల్ల సంగతి మారినది ఈ మాటతోనే. జీతానికి ఉన్న మగపిల్లవాడు అందరికీ కనబడతాడు. ఇంటిలో తమ్ముణ్ణి ఎత్తుకొనే పిల్ల, నీళ్ళు మోసే పిల్ల, పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల ఏ లెక్కలోనికీ రాదు. ఆమెకు కూలి లేదు గనుక ఆమె చేసేది పని కాదనుకొంటాము. "ఇంట్లో ఉంటున్నది" అంటాము. ఈ సూత్రము ప్రకారము జాబితా వ్రాసినప్పుడు ఆ పిల్ల పేరు కూడా కాగితము మీదికి వచ్చినది.

మేము వెళ్ళిన ఒక పల్లెలో ఒక తల్లి అరుగు మీద కూర్చుని మాతో మాట్లాడింది. తన చిన్ననాటి సంగతి అడిగితే నవ్వింది. "మా అవ్వ కైకిలి పోతుండె. ఇంటికాడ చిన్నోళ్ళను ఎవలు చూస్తరు? నేనే చూస్తుంటి. బడి ఎటున్నదో గూడ తెల్వదమ్మా" అన్నది. ఆమె పెద్ద కుమార్తె ఇప్పుడు పదవ తరగతి. మరి ఇంటి పని ఎట్లా సాగుతున్నది అని అడిగాము. "చిన్నోడు అంగన్‌వాడీకి పోతడు. నల్లా ఇంటిముందరికే వచ్చె. నేను పొద్దుగాల లేచి వంట జేసి పోత" అన్నది.

ఆ మూడు ముక్కలలో ఎంతో ఉన్నది. చిన్నవాడు అంగన్‌వాడీకి వెళ్ళినందువలన అక్క చేతులు ఖాళీ అయినవి. నీళ్ళు వాకిటికి వచ్చినందువలన ఆమె ఉదయము మిగిలినది. తల్లి తన నిద్రలో ఒక గంట కోసుకొన్నది. ఆడపిల్లల అభ్యున్నతి అనగానే కుట్టుపని, అల్లికలు, ఉపన్యాసములు మనకు తోచుతాయి. అవి మంచివే. వాటికి ముందు ఆమె దినము ఆమెకు దక్కవలెను. దినమంతా పని చేయించి రాత్రి బడికి రమ్మంటే, పని అట్లాగే ఉండి చదువు మాత్రము కునుకుతుంది. అందుచేతనే ఈ కార్యకర్తలు రాత్రి బడులతో తృప్తిపడక, పిల్ల పగటి బడికే రావలెనని పట్టుబట్టారు. ఈ పద్ధతిని చూచి ఉగాండా, జింబాబ్వే వంటి దేశములలో కూడా బాలకార్మికులు లేని ప్రాంతములను ఏర్పరచుటకు పూనుకొన్నారు.

మధ్యాహ్నము ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయమునకు వెళ్ళాము. చదువులో వెనుకబడిన మండలములలోని బాలికల కొరకు ప్రభుత్వము 2004లో ఆరంభించిన వసతి పాఠశాలలివి. నూటికి 75 సీట్లు దళిత, గిరిజన, వెనుకబడిన, మైనారిటీ వర్గముల పిల్లలకు, 25 దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబముల పిల్లలకు కేటాయిస్తారు. వరుసగా పెట్టెలు, తాడు మీద ఆరవేసిన యూనిఫారములు, గోడ మీద భోజన పట్టిక చూచాము. ఊరిలో ఏడవ తరగతితో బడి ముగిసిపోయి, పై బడికి బస్సు లేని పిల్లకు ఈ నాలుగు గోడలు ఎంతటి ఆసరా! మరుగుదొడ్డి ఉన్నదా, నీళ్ళు వస్తున్నవా, నెలసరి దినములలో గుడ్డలు మార్చుకొనుటకు చాటు ఉన్నదా అన్నవి ఇక్కడ చిన్న ప్రశ్నలు కావు. వాటికి జవాబు లేకనే ఎందరో పిల్లలు చదువు మానివేస్తారు.

పదునాలుగేళ్ళు నిండిన పిల్ల సంగతి ఇంకా కష్టము. 2010లో అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరు నుండి పదునాలుగు సంవత్సరముల వారికే. 2016లో సవరించిన చట్టము పదునాలుగు దాటి పదునెనిమిది నిండని వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదన్నది గాని, మిగిలిన పనులకు తలుపు తెరచియే ఉంచినది. వివాహమునకు పదునెనిమిది నిండవలెను. ఈ మధ్యనున్న నాలుగేళ్ళలోనే పిల్ల జారిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలలో పదునెనిమిది నిండకముందే పెండ్లి అయినవారు తెలంగాణలో నూటికి 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. పదవ తరగతి తరువాత ఎక్కడ చేర్చవలెనో తెలియని వేసవిలోనే చాలా సంబంధములు వస్తాయని ఒక ఉపాధ్యాయురాలు మాతో చెప్పారు. పరీక్ష వ్రాసి ఇంటికి వెళ్ళిన పిల్లలను ఆమె సెలవులలోనూ ఫోనులో పలకరిస్తూ, ఇంటర్మీడియట్ దరఖాస్తు నింపినారా అని అడుగుతారట.

ప్రియ చదువరులారా, పల్లెలకు వెళ్ళి పని చేయుట అందరికీ వీలుపడదు. కాని ఆ లెక్క మన వాకిట నుండే మొదలుపెట్టవచ్చును. పదునాలుగేళ్ళలోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకొనరాదని ప్రభుత్వము 2006 అక్టోబరు 10 నుండి నిషేధము విధించినది. మన వీధిలో పసివాణ్ణి ఎత్తుకొని నిలుచున్న పిల్ల ఏ తరగతి అని అడుగుదము. మన ఇంట పని చేసే ఆమెకు కుమార్తె ఉంటే, పదవ తరగతి తరువాత ఎక్కడ చేరుతున్నదో కనుగొందము; ఫీజు గాని, బస్సు పాసు గాని అడ్డమైతే తీర్చుదము. బాల్యవివాహము జరుగుచున్నదని తెలిస్తే 1098కు ఫోను చేయుదము. కుమారుని చేత కూడా గిన్నెలు కడిగించుదము. అన్న ఒక అరగంట వంటింటిలో నిలిచితే, చెల్లికి అరగంట పుస్తకము దక్కుతుంది.