గోవాలో డాల్ఫిన్ల 'మార్నింగ్ షో'!

'మరోచరిత్ర' (1978) హిందీలో 'ఏక్ దూజే కే లియే' (1981) అయినప్పుడు విశాఖ తీరం కథ గోవా చేరింది. ఆ సినిమా పిచ్చితోనే దోనా పౌలా చూశాను. మర్నాడు పొద్దున్నే సింక్వెరిమ్‌లో డాల్ఫిన్ల పడవెక్కాను.

వాటితో ఈతలాడాలని ఉందా? ఆ ఆశ వదులుకోండి. డాల్ఫిన్లను కొలనుల్లో పెట్టి ఆడించడానికి మన దేశంలో 2013 నుంచీ అనుమతి లేదు. సముద్రంలోనే చూడాలి!

మా పడవ తరిమేకొద్దీ అవి మునిగిపోయాయి. బతిమాలి ఇంజన్ ఆపించాం. కాసేపటికి... ఫుస్సుమంటూ బూడిదరంగు వీపు తేలింది! చేప కాదుగా, ఊపిరికి పైకి రావాల్సిందే మరి.

మీరూ వెళ్తారా? వానాకాలం వద్దు. ఇంజన్ ఆపే పడవాణ్ణి ముందే మాట్లాడుకోండి. లైఫ్ జాకెట్ తప్పదు. తర్వాత రోజంతా కాండోలిం ఇసుకలో గడపండి. ఎర్రజెండా ఉన్నచోట మాత్రం నీళ్లలో దిగకండి.

అభిమాన తారను దూరం నుంచి చూసినా ఆనందమే కదా!