నీ పేరేటి?

పిల్లలూ, కొత్త బడిలో మొదటి రోజు ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. టీసీ కాగితం నాన్న చేతిలో ఉంటుంది. మన కళ్ళు ఏ బెంచీలో చోటుందా అని వెతుకుతుంటాయి. అయినా ఒక ధైర్యం ఉంటుంది. పుస్తకం అదే. పాత ఊళ్ళో ఆగిన పాఠం ఇక్కడ దాదాపు అక్కడి నుంచే మొదలవుతుంది. ఉదయం ప్రార్థన అదే. శివాజీ, టాగూర్, అశోక, రామన్ హౌస్‌లూ అవే.

ఈ ధైర్యం ఊరికే రాలేదు. ఒకప్పుడు రాష్ట్రం మారితే సిలబస్ మారేది, బోధించే భాష కూడా మారేది. నాన్నకు బదిలీ అయితే పిల్లల చదువుకు గండమే. రెండో వేతన సంఘం సిఫారసు మీద 1962 నవంబరులో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ స్కూళ్ళ పథకానికి ఆమోదం తెలిపింది. 1963-64లో సైనిక స్థావరాల్లో నడుస్తున్న 20 రెజిమెంటల్ బడులతో పని మొదలైంది. 1965 డిసెంబరు 15న కేంద్రీయ విద్యాలయ సంగఠన్ సొసైటీగా నమోదైంది. అందుకే ఏటా ఆ రోజున మనం స్థాపక దినోత్సవం చేసుకుంటాం. ఆ ఇరవై బడులు ఇప్పుడు 1,200 దాటాయి. కాఠ్మాండు, మాస్కో, టెహ్రాన్‌లలో కూడా ఉన్నాయి.

పుస్తకం మన వెంట వస్తుంది, సరే. మరి ఇంటి మాట?

మా కుటుంబం ఇప్పటికి అయిదు ఊళ్ళు మారింది. 2018లో మేము రాజస్థాన్‌లో ఉన్నాం. అక్కడి బడిలో తెలుగు పిల్లలు పదమూడు మంది దొరికారు. వాళ్ళతో కలిపి మేము పద్నాలుగు మందిమి. చివరి పీరియడ్‌లో లైబ్రరీ మూల మా తరగతి. నిజామాబాద్ అమ్మాయి పుంటికూర అంటే, గుంటూరు అబ్బాయి కాదు గోంగూర అని పోట్లాడేవాడు. ఆ పోట్లాటతోనే సగం పీరియడ్ అయిపోయేది.

మాలో ఏడో తరగతి అబ్బాయి ఒకడు ఖరగ్‌పూర్ నుంచి వచ్చాడు. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. వాడికి తెలుగు చదవడం, రాయడం రాదు. మాట్లాడడం మాత్రం బాగా వచ్చు.

ఆ ఏడాది చివర్లో దేశమంతటా బడుల్లో భాషా సంగమం జరిగింది. 22 భాషల్లో అయిదేసి చిన్న వాక్యాలు ఉదయం అసెంబ్లీలో అందరి చేతా పలికించాలి. తెలుగు వంతు రాగానే మేము వాక్యాలు పంచుకున్నాం. పేరు అడిగే వాక్యం ఖరగ్‌పూర్ అబ్బాయికి వచ్చింది. వాడు లేచి నిలబడి, హాయిగా, "నీ పేరేటి?" అన్నాడు.

అందరం నవ్వేశాం. నవ్వు ఆపవలసిన టీచరమ్మే, "ఏటి కాదు నాన్నా, ఏమిటి అనాలి" అని సరిదిద్దింది. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. మర్నాడు తరగతికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు గేటు దగ్గర వాళ్ళమ్మ కనిపించింది. "మావోడు మాటాడితే నవ్వుతున్నారంట కదండీ" అంది. ఆ గొంతులో కోపం లేదు. "మాకీ తెలుగు ఏ బడీ నేర్పలేదండి. మా తాతలు తెచ్చుకున్నదే, ఇంట్లో అలా మిగిలిపోయింది."

ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇన్ని ఊళ్ళు తిరిగి మేము కాపాడుతున్నామనుకున్న తెలుగును, ఆ ఇల్లు ఏ బడి సాయమూ లేకుండా నాలుగు తరాలు కాపాడుకుంది. మేము దాన్నే తప్పు అన్నాం.

మర్నాడు పద్నాలుగో బెంచీ ఖాళీగా ఉండకూడదని అందరం కలిసి వాడి తరగతికే వెళ్ళాం. "తప్పు మాది" అని చెప్పాం. పరీక్షలో రాసేటప్పుడు 'ఏమిటి' అని రాద్దాం, అసెంబ్లీలో మాత్రం మీ నాయనమ్మ అన్నట్టే అను, అన్నాం. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మళ్ళీ నవ్వితే?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. పక్కన నిలబడతామని మాత్రం చెప్పాం.

అసెంబ్లీలో పదమూడు మందిమి వాడి వెనకే నిలబడ్డాం. మైకు ముందు వాడి మోకాళ్ళు వణకడం మాకు కనిపిస్తూనే ఉంది. "నీ పేరేటి?" అన్నాడు. పంజాబీలు, మలయాళీలు, మార్వాడీలు, బెంగాలీలు అందరూ ఒక్క గొంతుతో, "నీ పేరేటి?" అన్నారు. ఎవరూ నవ్వలేదు. వారం పాటు మెట్ల మీదా, నీళ్ళ కుళాయి దగ్గరా, ఆటస్థలంలోనూ అదే పలకరింపు. పీఈటీ సారు కూడా మమ్మల్ని చూస్తే అదే అడిగేవారు.

ఫిబ్రవరిలో వాళ్ళ నాన్నకు బదిలీ ఆర్డరు వచ్చింది. వెళ్ళేముందు వాడు మా తరగతి నోట్‌బుక్ అడిగి తీసుకుని, వంకర అక్షరాలతో తన పేరు తెలుగులో రాశాడు. ఒత్తు ఒకటి తప్పు పడింది. మేము దిద్దలేదు.

ఆ నోట్‌బుక్ ఇప్పుడు ఇక్కడ, మా అయిదో ఊళ్ళో, మా అలమారలో ఉంది. అందులో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. మీ తరగతిలో ఈ వారం ఎవరైనా కొత్తగా చేరి ఉంటే, రేపు వాళ్ళ పక్కన కూర్చోండి. ముందు పేరు అడగండి. తర్వాత వాళ్ళింట్లో ఆ మాట ఎలా అడుగుతారో కూడా అడిగి నేర్చుకోండి.