గేరు పడనివ్వాలి

మా నాన్న ఆర్టీసీలో కావలి డిపో డ్రైవరు. వేసవి సెలవుల్లో ఉదయగిరి బస్సెక్కి ఆయన పక్కన ఇంజను బానెట్ మీద కూర్చునేవాణ్ణి. నా చూపంతా ఆ పొడుగాటి గేరు రాడ్డు మీదే. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చేవాడు. క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఒక్కసారి తట్టి, మళ్లీ క్లచ్ తొక్కితే రాడ్డు దానంతటదే పోయి కూర్చునేది. "గేరు వేసేది కాదురా, పడనివ్వాలి" అనేవాడు.

షార్జాకు వచ్చి పదమూడేళ్లయింది. ఇక్కడ ఎక్కువమందివి ఆటోమేటిక్ బళ్లే. లైసెన్సు కూడా ఆటోమేటిక్‌కి వేరు, మాన్యువల్‌కి వేరు. నేను పట్టుబట్టి మాన్యువల్ తీసుకున్నాను. కొన్నాళ్లకు చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, 2001 నాటి మాజ్డా ఎమ్‌ఎక్స్-5 ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. రెండే సీట్లు, వెనక్కి మడిచే టాపు, అయిదు గేర్లు. స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి రాడ్డు కుడిచేతికి వస్తుంది. నాన్న ఎడమచేత్తో చేసిన పనిని నేను కుడిచేత్తో చేస్తున్నానని మొదటి రోజు ఒళ్లు పులకరించింది.

ఆ సంతోషాన్ని ఇంకాస్త పెంచుకుందామనే షార్ట్ షిఫ్టర్ తెప్పించాను, అంటే చెయ్యి తక్కువ దూరం కదిలినా గేరు మారే రాడ్డు. వెయ్యి దిర్హాంలు దాటింది. అప్పటికే రాడ్డు వదులుగా ఊగుతోంది, రెండో గేరు ఒక్కోసారి మొరాయిస్తోంది. కొత్త రాడ్డుతో అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. బేస్‌మెంట్ పార్కింగ్‌లో నేనే విప్పి బిగించాను. పాత రాడ్డు కొసన ఉన్న నైలాన్ బుష్ అరిగిపోయి ఉంది, దాని కింద తొడుగులా ఉండే రబ్బరు బూటు చినిగి ఉంది. రెండూ నా కంటబడ్డాయి. చిన్న వస్తువులే కదా అని ఆ బుష్‌నే కొత్త రాడ్డుకు తొడిగేశాను.

గునపంతో బండరాయిని లేపడం లాంటిదే ఈ రాడ్డు పని. నడుమ ఉన్న గుండు మీద అది ఊగుతుంది. పైకొస మన చేతిలో ఉంటుంది, కింది కొస గేరుబాక్సులోని కడ్డీలను జరుపుతుంది. షార్ట్ షిఫ్టర్‌లో కింది భాగం పొడుగు, అందుకే చెయ్యి కొద్దిగా కదిలితే చాలు. కానీ దూరం తగ్గినంతా బలంలో కట్టాలి. మూడో వంతు దూరం తగ్గిందంటే ఒకటిన్నర రెట్లు బలంగా తొయ్యాలి. లోపల ఇత్తడి సింక్రో రింగు ఉంటుంది. వేర్వేరు వేగాలతో తిరిగే భాగాలను రాపిడితో ఒకే వేగానికి తెచ్చాకే అది గేరును లోపలికి రానిస్తుంది. 1928లో కాడిలాక్ కార్లతో మొదలైన ఏర్పాటిది. నాన్న రెండుసార్లు క్లచ్ తొక్కి చేసిన పనిని ఈ రింగు చేస్తుంది, కాకపోతే దానికీ ఒక క్షణం కావాలి. నేను ఆ క్షణం ఇవ్వకుండా ఒకటిన్నర రెట్ల బలంతో తోస్తున్నాను.

మూడు వారాలు గడిచాయి. అల్ ఐన్‌లో జెబెల్ హఫీత్ దిగుతున్నాం. సుమారు 12 కిలోమీటర్ల కొండదారి, మలుపు మీద మలుపు. మూడు నుంచి రెండుకు లాగాను. గర్రుమని ఇనుము అరిచింది. పక్కన కూర్చున్న నా భార్య డాష్‌బోర్డు పట్టుకుంది. ఆ శబ్దం నా పళ్లలోకి దిగింది.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో జగిత్యాల నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మెకానిక్‌గా పనిచేస్తారు. బండిని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. కన్సోల్ విప్పి, బ్యాటరీ లైటు వేసి, చాలాసేపు మాట్లాడలేదు. వేలు లోపల పెట్టి బయటికి తీశారు. పొడిగా ఉంది.

"తమ్మీ, ఇండ్ల నూనె ఉండాలె. చుక్క లేదు. బుష్షు ఒడిసింది. ఇంత మంచి రాడ్డు తెచ్చినవ్, కిందిది సూడలేదా?"

"చూశానన్నా" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. అనకపోవడమే గట్టిగా తగిలింది. మే నెలనుంచి గేరు దగ్గర కాలు కాలుతుంటే ఈ దేశపు ఎండలే అనుకున్నాను. చినిగిన బూటులోంచి గేరుబాక్సు వేడి పైకి వస్తోందట.

పాత రాడ్డే మళ్లీ పెట్టించాను. కొత్త బుష్, కొత్త బూటు, రాడ్డు కూర్చునే గుంటలో గేరు ఆయిలు. పార్టులన్నీ కలిపి షార్ట్ షిఫ్టర్ ఖరీదులో పదో వంతు కాలేదు. రాడ్డు ఊగడం మానేసింది. చెయ్యి మాత్రం వెంటనే మారలేదు. న్యూట్రల్ దగ్గర ఒక్క క్షణం ఆగడం దానికి నేర్పడానికి నెల పట్టింది. ఖాళీగా ఉండే శుక్రవారం పొద్దుటి రోడ్ల మీద, మూడు నుంచి రెండుకు, మళ్లీ మూడుకు, అదే పని.

మొన్న మళ్లీ హఫీత్ వెళ్లాం. దిగేటప్పుడు నాన్న ఫోన్. నా భార్య స్పీకర్ పెట్టి పట్టుకుంది. సంగతంతా ఆయనకు ముందే చెప్పాను.

"రెండో గేరు వేసేటప్పుడు ఫోన్ దగ్గరగా పెట్టమ్మా, వింటాను" అన్నాడు.

మలుపు వచ్చింది. తిరిగాం.

"ఏరా, ఇంకా వెయ్యలేదా?"

"వేసేశాను నాన్నా."