మాంచెస్టరులో ఒక మైదానం

మాంచెస్టరు వెళ్ళే మనవాళ్ళు విల్మ్‌స్లో రోడ్డులో భోంచేసి, మామిడిపళ్ళు కొనుక్కుని వచ్చేస్తారు. మేము మూడు కుటుంబాలవాళ్ళం ఈసారి ముందుగా పీటర్ స్ట్రీటుకు వెళ్ళాం. అక్కడ ఫ్రీ ట్రేడ్ హాలు ముఖభాగం మాత్రం మిగిలింది. లోపల ఇప్పుడు హోటలు.

1819లో ఇది సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే ఖాళీ జాగా. ఆగస్టు 16న చుట్టుపక్కల ఊళ్ళ నేతగాళ్ళు, మిల్లు కూలీలు సుమారు 60,000 మంది, పిల్లాపాపలతో సహా, హెన్రీ హంట్ ఉపన్యాసం వినడానికి వచ్చారు. వారడిగింది పార్లమెంటులో చోటు. నూలు మిల్లులతో అంత పెరిగిన మాంచెస్టరుకు తనదంటూ ఒక్క సభ్యుడు లేడు. మనుషులే లేని ఓల్డ్ సారమ్ దిబ్బకు ఇద్దరు! మేజిస్ట్రేట్లు కత్తులతో గుర్రపు దళాన్ని జనం మీదికి పంపారు. సుమారు 18 మంది చనిపోయారు, గాయపడ్డవారు వందలు. 1972లో పెట్టిన ఫలకం మీద సైన్యం జనాన్ని చెదరగొట్టిందనే తప్ప చావుల ఊసే లేదు. 2007లో దాన్ని మార్చారు. 2019లో కట్టిన స్మారకం దగ్గరలోనే ఉంది.

మరి ఓటు చివరికెలా వచ్చింది? భయపడి ఇచ్చారని మాలో ఒకరన్నారు. కొంత నిజమే. 1831లో బ్రిస్టల్ తగలబడింది, 1832లో చట్టం వచ్చింది. కాని అది ఏడాదికి పది పౌన్ల విలువచేసే ఇల్లున్నవారికే. మిల్లు యజమానిని లోపలికి పిలిచి, కూలీని గుమ్మంలోనే నిలబెట్టారన్నమాట. 1867లో డిజ్రేలీ పట్టణ కార్మికులకు ద్వారం తెరిచింది మాత్రం ఎదుటి పార్టీకి ఆ పేరు దక్కనివ్వకూడదనే, అని మా అభిప్రాయం. ఓటర్లు ఇంచుమించు రెట్టింపయ్యారు. అయినా 1872 దాకా ఓటు బహిరంగంగానే వేయాలి, యజమాని చూస్తుండగా.

మా మనసుకు పట్టింది మరొకటి. అమెరికా అంతర్యుద్ధంతో పత్తి రాక మిల్లులు మూతపడి, ఇళ్ళలో పొయ్యి వెలగని రోజుల్లో, 1862 డిసెంబరు 31న ఈ హాల్లోనే కార్మికులు సభచేసి, బానిసత్వానికి వ్యతిరేకంగా లింకన్‌ను బలపరిచారు. లింకన్ జవాబు రాశాడు. ఇలాంటివారికి ఓటు లేకపోవడమేమిటని గ్లాడ్‌స్టన్ వాదించడానికి ఆ నడవడి ఒక కారణం.

1905లో ఇదే హాల్లో, స్త్రీలకు ఓటిస్తారా అని అడిగినందుకు క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌ను, ఆనీ కెన్నీని బయటికి గెంటారు, అరెస్టు చేశారు. పురుషులతో సమానంగా ఓటు 1928లో గాని రాలేదు. మన రాజ్యాంగం 1950లో ఆడా మగా అందరికీ ఒక్కసారే ఇచ్చింది.

భారత పాస్‌పోర్టుతో ఇక్కడ నివసిస్తున్నవారికి కూడా, కామన్‌వెల్త్ పౌరులుగా, ఈ దేశపు ఎన్నికల్లో ఓటుంది. మాతో వచ్చిన ఒక కుటుంబానికి ఆ సంగతే తెలియదు. జాబితాలో పేరు చేర్పించుకోవడానికి కౌన్సిలు వారికి అర్జీ పెడితే చాలు, రుసుమేమీ లేదు.