గవాచి చెప్పిన గాలి పాఠం

కర్నూలు పాతబస్తీలో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లలో ఓ మూడంతస్తుల ఇల్లు. ముందు వీధి, మిగతా మూడువైపులా పక్కిళ్ల గోడలు. నడిమింట్లో అవ్వ మంచం. దాని పక్కనే కిటికీ లేని స్నానాల గది. ఎవరు వేణ్నీళ్లు పోసుకున్నా ఆవిరంతా అవ్వ దగ్గరికే! ఏడాది తిరిగేసరికి గోడ మూలలు నల్లబడ్డాయి. దుప్పట్లకు ముక్కవాసన. అవ్వకు రాత్రిళ్లు దగ్గు, ఆయాసం. ముందు ఇంట్లో చెమ్మ సంగతి చూడమన్నారు డాక్టరు.

'మిద్దెలో ఉన్నన్నాళ్లూ నాకీ దగ్గు యాడిది?' అంటుంది అవ్వ. దూలాల మీద చౌడుమట్టి పరిచి కట్టిన ఆ మిద్దె నడినెత్తిన ఓ కన్నం ఉండేది. దాని పేరు గవాచి. పగలు వెలుగునిచ్చేది, పొయ్యి పొగను పైకి పంపేది. వానొస్తే ఎవరో ఒకరు మిద్దెనెక్కి దానిమీద బండ మూసేవారు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచెత్తినప్పుడు ఆ మట్టిగోడలు నానిపోయాయి. తర్వాత స్లాబు ఇల్లొచ్చింది. గవాచి మాత్రం రాలేదు.

మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను పెడదామంటే బయటి గోడే లేదాయె! అప్పుడు తెలిసింది కొడుక్కి... ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాను అనేది ఒకటుందని. ఇది గోడకు కాదు, గొట్టం మధ్యలో బిగించేది. స్నానాల గది పైకప్పు దగ్గర జాలీ, అక్కణ్నుంచి అటక మీదుగా గొట్టం, మధ్యలో ఫ్యాను, చివర వీధివైపు గోడ.

'ఉన్నవాటిలో పెద్దది ఇవ్వన్నా' అన్నాడు కొడుకు. కొట్టాయన నవ్వి, లెక్క వేసి చూపించాడు. గది ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు. అంటే 270 ఘనపుటడుగుల గాలి. అది గంటకు పదిసార్లు మారాలంటే నిమిషానికి 45 ఘనపుటడుగులు లాగాలి. పెట్టె మీద సీఎఫ్ఎం అని ఉండే అంకె ఇదే. అయితే అది గొట్టం తగిలించకముందు లెక్క. పొడవు పెరిగేకొద్దీ, వంపు తిరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. అందుకే ఒకటిన్నర రెట్లు చూసుకుంటే మేలు. నాలుగంగుళాల ఫ్యానే చాలు. మరీ పెద్దదైతే మోత తప్ప లాభం లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి గంటలో బిగించేశాడు. గొట్టం చివర మాత్రం అటక మీదే వదిలేశాడు! పది రోజులకు అటక మీది ట్రంకు పెట్టెలు చెమ్మెక్కాయి. మళ్లీ పిలిపించి గొట్టాన్ని వీధి గోడ దాకా లాగించారు. లోపల చేరిన నీళ్లు మోటారు మీదికి రాకుండా బయటికి కాస్త వాలు ఇచ్చారు. పావురాలు దూరకుండా జాలీ, ఎదురుగాలి రాకుండా రేకు మూత, మోత తగ్గడానికి ఫ్యాను కింద రబ్బరు బిళ్లలు... అన్నీ అయ్యాయి.

అయినా ఆవిరి కదల్లేదు. జాలీకి కాగితం ముక్క ఆనిస్తే నిలవకుండా జారిపోయింది. మంచమ్మీద నుంచే అంతా చూస్తున్న అవ్వ అడిగింది.

'తలుపు బిర్రుగా మూసినావు. ఇంగ గాలి లోపలికి యాడ్నుంచి రావల్లరా నాయనా?'

అసలు కిటుకంతా అదే. ఫ్యాను గాలిని పుట్టించదు, కదిలిస్తుంది అంతే. వచ్చే దోవ లేకపోతే పోయే దోవ పనిచేయదు. మిద్దెలో వాకిలి గుండా వచ్చిన గాలే గవాచి గుండా పోయేది మరి! వడ్రంగి వచ్చి తలుపు అడుగున ముప్పావు అంగుళం చెక్కాడు. ఈసారి కాగితం జాలీకి అతుక్కుపోయింది.

'ఇక గ్యాస్ గీజరు లోపలే పెట్టుకోవచ్చు' అని సంబరపడ్డాడు కొడుకు. ఆ మాట వినగానే కొట్టాయన గట్టిగా వద్దన్నాడు. గ్యాసు సరిగ్గా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. మూసిన గదిలో అది నిమిషాల్లో ప్రాణం తీయగలదు. ఫ్యాను ఉన్నంత మాత్రాన ఆ ముప్పు పోదు. గీజరు బయట, గాలి ఆడే చోటే ఉండాలి.

ఇప్పుడా ఇంట్లో స్నానమయ్యాక ఇరవై నిమిషాలు ఫ్యాను తిరుగుతుంది. గోడలు కడిగి సున్నం వేయించారు. దుప్పట్లకు వాసన పోయింది. అవ్వ దగ్గూ నెమ్మదించింది. ఎవరైనా అడిగితే ఆమె చెప్పేది ఒక్కటే...

'ఏముంది, గవాచికే మోటరు బిగించినారు!'