సంతలో కార్జం, గుమ్మంలో కుక్కపిల్ల

కుక్కపిల్లకు మూడో వారం దాటాక పాలపళ్లు మొలవడం మొదలవుతుంది. ఆరు వారాలు దాటేసరికి అవి 28 అవుతాయి. సూదుల్లాంటి ఆ పళ్లు మాంసాన్ని చీలుస్తాయి గానీ గట్టి బొక్కను నలగ్గొట్టలేవు, ఎందుకంటే నమిలి పిండి చేసే చివరి దంతాలు పాలపళ్లలో ఉండనే ఉండవు. నాలుగో నెల నుంచి అవి ఊడుతూ, ఏడో నెలకు 42 శాశ్వత దంతాలు కుదురుకుంటాయి. పచ్చి మాంసం, బొక్కలు ఎప్పుడు పెట్టాలి, ఎంత పెట్టాలి అనే లెక్క ఈ పళ్ల దగ్గరే మొదలవుతుంది.

పట్టణాల్లో ఇది పెద్ద వాదన. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో పచ్చి బొక్కలను సమర్థిస్తూ పుస్తకం రాశాడు. అమెరికా పశువైద్య సంఘం 2012లో పచ్చి మాంసం వద్దని తీర్మానించింది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో ఈ వాదనకు చోటు తక్కువ. శబరి నది ఒడ్డున కుంటలోనైనా, పైన దోర్నపాల్‌లోనైనా ఊరి కుక్కపిల్లకు రోజూ దొరికేది గంజి, అన్నం, రాగి జావ. మాంసం దొరికేది సంత రోజున, అదీ కసాయి విసిరేసిన ముక్క. కాబట్టి ఇక్కడి వైద్యుడు పచ్చిదా వండినదా అని అడిగే ముందు ఆ ముక్క ఏ జంతువుది, ఏ భాగానిది అని అడగాలి.

అన్నిటికంటే ప్రమాదమైన ముక్క మనిషి కంటికి మెత్తగా, ముద్దుగా కనిపించేదే. మేక కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీళ్లు నిండిన బుడ్డ కనిపిస్తే కసాయి దాన్ని కోసి పక్కకు విసురుతాడు. అందులో ఉండేది ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ. కుక్క దాన్ని తిన్న ఆరేడు వారాలకు మలంలో గుడ్లు పడతాయి. కుక్క మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తుంది, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ గుడ్లు మట్టిలోంచి పిల్లల చేతులకు, చేతుల నుంచి నోటికి చేరితే మనిషి కాలేయంలో అదే నీటి తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది. మేక తల కూడా పచ్చిగా పెట్టకూడదు. ఒకే వైపు గిరగిరా తిరుగుతూ చిక్కిపోయిన మేకను కోసినప్పుడు దాని మెదడులో దొరికే తిత్తి మరో బద్దెపురుగుది. అదీ కుక్క కడుపులోనే పెద్దదవుతుంది. అందుకే కార్జం, ఊపిరితిత్తులు, బోటి, తలకాయ బాగా ఉడికించాకే కుక్కకు పెట్టాలి. బుడ్డలున్న ముక్కను కాల్చేయాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పాతాలి. నట్టల మందు అడిగితే దుకాణంలో తరచూ ఇచ్చే పైరాంటెల్ ఏలికపాముల్ని తీస్తుంది గానీ ఈ బద్దెపురుగును ఏమీ చేయదు. దానికి ప్రాజిక్వాంటెల్ కావాలి, కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. నాలుగు వారాల లోపు పిల్లకు అది ఇవ్వరు.

పంది మాంసం ఎప్పుడూ వండే పెట్టాలి. దానికదే చచ్చిన పశువు మాంసమైతే వండి కూడా పెట్టకూడదు. శబరికి ఆవల కోరాపుట్‌లో, విశాఖ మన్యంలో దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, మళ్లీమళ్లీ కనిపించినదే. అలాంటి కళేబరాన్ని కోయడమే మనిషికి ప్రమాదం.

ఇక మిగిలేది అప్పుడే కోసిన ఆరోగ్యకరమైన కోడి లేదా మేక కండ. దాన్ని ఎనిమిది వారాలు నిండిన పిల్లకు కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. ఎండాకాలం ఉదయం సంతలో కొని, ఆకులో చుట్టి, మధ్యాహ్నం దాకా నడిచి ఇల్లు చేర్చిన మాంసాన్ని మాత్రం పచ్చిగా పెట్టకూడదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంట సేపు చాలు, సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు పెరిగిపోవడానికి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా సాల్మొనెల్లా చావదు. మైనస్ 20 డిగ్రీల్లో వారం పది రోజులు ఉంచితే చాలా పురుగుల తిత్తులు చస్తాయి గానీ, కరెంటు వచ్చిపోయే ఇంట్లో ఆ లెక్క నిలవదు. ఇలాంటి చోట మాంసం ఉడికించి పెట్టడమే మేలు, బొక్క తీసేసి.

బొక్క తీసేయమనడానికి కారణం ఉంది. ఉడికిన బొక్క పెళుసై, సూది మొనలతో విరుగుతుంది. కూరలోంచి ఏరి పారేసిన బొక్కలే పిల్ల పేగును చీల్చేవి. పచ్చి బొక్క అంతగా చీలదు, అయితే అన్ని పచ్చి బొక్కలూ ఒకటి కావు. ఆరు వారాల బ్రాయిలర్ మెడ మెత్తన. దాన్ని రోట్లో వేసి దంచితే చిన్న పిల్లకు సరిపోతుంది. పందెంలో ఓడిన పుంజు ఏళ్లు ముదిరినది, దాని కాలి బొక్క పాలపళ్లకు రాయితో సమానం. మేక నల్లి బొక్క గట్టిదే కాదు, అడ్డంగా కోసిన ఉంగరంలాంటి ముక్క కింది దవడకు తొడుక్కుని రాకుండా పోతుంది. మత్తిచ్చి రంపంతో కోసి తీయాల్సి వస్తుంది.

మరో రకం కేసులో పిల్ల నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, ముందు కాళ్లతో మూతి గీరుకుంటూ వస్తుంది. పై దవడలో రెండు వైపుల పళ్ల మధ్య బొక్క అడ్డంగా ఇరుక్కున్నప్పుడు ఇలాగే ఉంటుంది. రేబిస్‌లో దవడ వేలాడినప్పుడూ ఇలాగే ఉంటుంది. ఇంటివాళ్లు ఉత్త చేయి నోట్లో పెట్టి వెతికేది సరిగ్గా ఈ రెండిటి మధ్య సందేహంలోనే. పిల్లను ఏదైనా జంతువు కరిచిందా, టీకా పడిందా అని ముందు అడిగి, తొడుగులు వేసుకుని, మత్తులో శ్రావణంతో చూడటం వైద్యుడి పని. అప్పటికే ఎవరైనా చేయి పెట్టి ఉంటే ఆ చేతిని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, టీకా కోసం ఆసుపత్రికి పంపాలి. బొక్క బయటపడితే తర్వాత అందరూ నవ్వుకోవచ్చు.

గొంతు దిగిన బొక్క గుండె దగ్గర అన్నవాహికలో ఆగితే పిల్ల తిన్న వెంటనే తిన్నది తిన్నట్టే కక్కేస్తుంది. మనుషులకు చేపముల్లు గుచ్చుకున్నప్పటిలా అన్నం ముద్ద మింగించడం ఇక్కడా చేస్తారు. ఆ ముద్ద బొక్కను లోపలికి నెట్టదు, గోడలోకి దింపుతుంది.

బొక్కలకు భయపడి వట్టి మెత్తని మాంసమే పెట్టేవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా బయటి నుంచి అల్సేషన్ పిల్లను తెచ్చుకున్న ఇళ్లలో. అలాంటి పిల్ల మూడు నాలుగు నెలలకు నడవలేక, కాళ్లు వంగి, ముట్టుకుంటే అరుస్తూ వస్తుంది. మాంసంలో కాల్షియం ఒక వంతుంటే ఫాస్ఫరస్ పదిహేను ఇరవై వంతులు. ఎదిగే పిల్లకు కాల్షియమే కాస్త ఎక్కువ కావాలి. ఆ లోటు తీర్చడానికి శరీరం తన బొక్కల్లోంచే తోడుకుంటుంది. ఒక కోడిగుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. కాబట్టి మెత్తగా దంచిన పెంకు పొడి చాలా చవకైన మందు. అయితే కొలతను వైద్యుడే చెప్పాలి. పెద్ద జాతి పిల్లలు ఆరు నెలల లోపు ఎక్కువైన కాల్షియం ఒంటికి పట్టకుండా ఆపుకోలేవు, అదీ కీళ్లను పాడు చేస్తుంది. బొక్క పెట్టే ఇంట్లో అది తిండిలో సుమారు పదో వంతు దాటకూడదు. మలం తెల్లగా సుద్దముక్కలా గట్టిపడితే బొక్క ఎక్కువైందని గుర్తు.

రక్త విరేచనాలు, వాంతులతో పిల్ల వస్తే ఇంటివాళ్లు ‘బొక్క గుచ్చుకుంది’ అనే చెబుతారు. టీకా పడని పిల్లల్లో పార్వో వైరస్ కూడా ఇలాగే మొదలవుతుంది. పొట్ట తడిమి, వయసు, టీకా తేదీ అడిగి, వెంటనే సెలైన్ మొదలుపెట్టాలి. ఎక్స్‌రే ఉన్న ఊరికి ప్రయాణం ఆ తర్వాతే. ఆరు వారాల నుంచి వేయాల్సిన పార్వో టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా అందాయో లేదో కనుక్కునేదీ చాలాసార్లు ఆ పూటే.