సబ్ ఖైరియత్!

జుమా నమాజ్ అయ్యాక చేవెళ్లలో మస్జిద్ బయట హెల్త్ క్యాంపు పెట్టారు. దోస్తులు కూర్చోమంటే కూర్చున్నా. నర్సు చేతికి పట్టీ చుట్టి ఒకసారి కాదు, మూడుసార్లు చూసింది. 170/110.

"తలనొప్పి వస్తుందా అన్నా?"

లేదన్నా. నిజంగానే లేదు. బీపీతో చిక్కే అది, చాలామందికి ఏ నొప్పీ తెలియదు.

ఇంట్లో చెప్పలేదు. బేగం అడిగితే "అల్‌హందులిల్లా, సబ్ ఖైరియత్" అన్నా. మా అబ్బా కూడా జిందగీ అంతా ఇదే జవాబు చెప్పి, ఒకరోజు ఫాలిజ్ కొట్టి మంచమెక్కాడు.

నాకేం ఫికర్ అంటారా? మొయినాబాద్, చేవెళ్ల వార్తలు రాస్తా. తన్ఖా లేదు, లైన్ అకౌంట్. రాత్రి పదకొండుకు కూడా డెస్క్ నుంచి ఫోన్. ఆగస్టు 15 దగ్గరపడితే యాడ్ టార్గెట్. ఏ వెంచర్ సేఠ్ మీద వార్త రాయాలో, ఆ సేఠ్ ముందే చేతులు కట్టుకుని యాడ్ అడగాలి.

2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర తాండూరు బస్సును కంకర టిప్పర్ గుద్దింది. కంకర కింద మనుషులు. నా జేబులో ఫోన్ ఆగలేదు, "ఫోటోలు ఇంకా రాలేదేం?" అని. నాలుగు రోజులైనా కాకముందే మళ్లీ టార్గెట్ మాట.

లండన్‌లో సర్కారీ నౌకర్ల మీద 1967లో వైట్‌హాల్ పరిశోధన మొదలైంది. బీపీ, టెన్షన్ పెద్ద సాహెబుల జబ్బులని మనం అనుకుంటాం కదా. అక్కడ గుండెజబ్బుతో ఎక్కువగా పోయింది కింది మెట్టు మీద ఉన్నవాళ్లు. 1985లో మొదలైన రెండో పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. తన పని మీద తనకు ఇఖ్తియార్ లేనివాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువట. చదివి చాలాసేపు ఆ మాట దగ్గరే ఆగిపోయా. మనకు సబర్ చేయమని చెప్పేవాళ్లలో ఎందరికి లైన్ అకౌంట్ ఉంటుంది?

అట్లని తప్పంతా డెస్కుది కాదు. సర్కారు దవాఖానాలో నెలకు సరిపడా గోళీలు ముఫ్త్‌గా ఇచ్చారు. నెల వేసుకున్నా, బీపీ దిగింది, మానేశా. గోళీలు వేసుకోబట్టే దిగిందన్న అకల్ లేకపోయింది. మళ్లీ చూపిస్తే 180.

చివరికి కెమెరా సంచీలో ఖాళీ గోళీల పట్టీ బేగంకి దొరికింది. ఏడ్వలేదు, అరవలేదు. దస్తర్‌ఖాన్ మీద నుంచి మామిడికాయ అచార్ తీసేసింది, అప్పడాలు తీసేసింది. రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని డాక్టర్ అన్నాడని చెబితే, ఖట్టీ దాల్ గిన్నె కూడా వెనక్కి జరిపింది.

"నమక్ నేను తీస్తా. ఆ ఫోన్ ఎవరు తీస్తారు జీ?"

జవాబు లేదు నా దగ్గర. మరుసటి వారం దవాఖానాకు తనూ తోడొచ్చింది. రాత్రి రెండు దాకా మిషన్ మీద జాకెట్లు కుట్టే మనిషి. బిడ్డ షాదీకి చేసిన ఖర్జ్ ఇంకా తీరలేదు. నర్సు ఊరికే తన చేతికీ పట్టీ చుట్టింది.

160/100.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నా. బేగం చీర కొంగు సర్దుకుంది.

"సబ్ ఖైరియత్," అంది.